తెల్లచుక్క పాములు

పాముల్ని కాపాడినందుకు నాకు అప్పుడప్పుడూ శాలువాలు కప్పుతుంటారు. తల వంచి కప్పించుకుంటాను. రెంజల్ దగ్గరి చెరకు తోటల్లో ఆ పని ఎలా చేశానో మాత్రం ఏ సభలోనూ చెప్పలేదు.

పాముల మీద పరిశోధన కోసం నిజామాబాద్‌లో గది అద్దెకు తీసుకుని రోజూ పొద్దున్నే బండి మీద ఆ తోటలకు వెళ్లేవాణ్ణి. చెరకు ఎండాకుల్లో ఎలుకలుంటాయి, వాటి కోసం పాములొస్తాయి. జెర్రిపోతులు, నాగులు, అన్నిటికన్నా ఎక్కువగా రక్తపింజరలు. దొరికినదాన్ని కొక్కెంతో పట్టి, కొలిచి, మెడ వెనక తెల్ల పెయింట్‌తో చుక్క పెట్టి వదిలేసేవాణ్ణి. అదే పాము మళ్లీ దొరికితే కొత్తదని పొరబడకుండా ఉండటానికి ఆ చుక్క.

చిక్కంతా చెరకు కొట్టేవాళ్లతోనే. నేను చుక్క పెట్టిన పాములు వారం తిరక్కుండానే రెండు ముక్కలై గట్టు మీద పడి ఉండేవి. చూసినప్పుడల్లా ఒళ్లు మండేది. పాములు లేకపోతే ఎలుకలు మీ చెరకును మిగల్చవని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను. నవ్వి ఊరుకున్నారు. నిజం చెప్పాలంటే, ఆ రోజుల్లో నాకు ఆ మనుషులంటే అసహ్యం.

ఆ కూలీల ముఠాకు ఒక ఆడమనిషి పెద్ద. నేను ఆమెను అక్కా అని పిలిచేవాణ్ణి. ఒకరోజు చుక్క ఉన్న జెర్రిపోతు గట్టు దాటుతుంటే చూసి అడిగింది.

"గొర్లకు రంగు ఏసినట్టు ఏసినవ్ గద సారూ. గివి నీ పెంపుడు పాములా?"

ఆ ఊళ్లలో మందలు కలిసిపోకుండా ఎవరి గొర్రెలకు వాళ్లు రంగు వేసుకుంటారు. రంగు ఉందంటే దానికి యజమాని ఉన్నట్టే. ఇంకొకరు దాని జోలికి పోరు.

"అట్లే అనుకో అక్కా," అన్నాను.

"అయితే మనల్ని ఏం జెయ్యయి గద?"

పుస్తకంలో ఏదో రాసుకుంటున్నట్టు తల దించుకున్నాను.

ఆ మర్నాటి నుంచి చుక్క ఉన్న పామును ఎవరూ చంపలేదు. చుక్క లేనిది కనబడితే మాత్రం వెంటపడి నరికేవాళ్లు. నేను పట్టించుకోలేదు, నావి బతికాయి కదా. రక్తపింజరలకు కూడా అదే డబ్బాలోంచి అదే చుక్క పెడుతూ పోయాను.

చలికాలం చివర్లో ఒక పొద్దున ఆమె భర్త ఫోన్ చేశాడు. "సారూ, మా ఇంటామెను పాము కరిసింది. చుక్క పెట్టిందే. బోధన్ దవాఖానకు తోల్కపోతున్నం." ఎండాకుల్లో పడుకుని ఉన్న పాము ఎక్కడ కత్తులకు చిక్కుతుందోనని, ఆమె దాన్ని చేత్తో ఎత్తి గట్టు మీద పెట్టబోయిందట.

నేను అడిగిన మొదటి మాట, "పామును ఏం చేశారు?"

"ఏం జెయ్యలే సారూ. నీది గదా, ఇడిసిపెట్టినం."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమె ఎలా ఉందో ఆ తర్వాత అడిగాను.

బోధన్ నుంచి నిజామాబాద్‌కు పంపారు. ప్రాణం దక్కింది. కుడిచేతి వేళ్లు రెండు నల్లబడితే తీసేశారు. మిగిలిన వేళ్లు ముడుచుకోవని, ఇక కత్తి పట్టలేదని డాక్టరు చెప్పాడు. ఆమెకు తెలిసిన పని అదొక్కటే.

పది రోజులకు బత్తాయిలు పట్టుకుని చూడబోయాను. భర్త మంచం పక్కన నిలబడి ఉన్నాడు. ఆమె కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని, నన్ను చూసి లేవబోయింది.

"నీ పెంపుడుది నన్నెందుకు కరిసింది సారూ? నేనేమన్న తప్పు జేసిన్నా?"

అప్పుడైనా చెప్పాల్సింది. అవి పెంపుడువి కావని, చుక్క ఉన్న రక్తపింజర కూడా కరుస్తుందని, నువ్వు పొరబడుతున్నావని తెలిసే నోరు మెదపలేదని. చెబితే ఆ తోటల్లో నా పని అక్కడితో ఆగిపోతుంది. ఇంకా రెండు నెలల పని మిగిలి ఉంది.

"చేత్తో ముట్టుకోవద్దని చెప్పాను కదక్కా," అన్నాను.

నేను ఎప్పుడూ చెప్పలేదు. ఆమె కళ్లు చిట్లించి గుర్తు తెచ్చుకోవాలని చూసింది. కాసేపటికి భర్త వైపు తిరిగింది.

"సారు చెప్పిండు. నేనే ఇనలే."