పెట్టె సర్దడం

అబ్దుల్ గఫూర్ పెట్టె సర్దుతున్నాడంటే, బీడీ తాగడానికి పందిరి బయటికి పోయినవాళ్ళు కూడా వెనక్కి వచ్చి కూర్చునేవాళ్ళు. అనంతపురం చుట్టుపక్కల పద్యనాటకాలు చూసిన పాతవాళ్ళు ఈ మాట ఇప్పటికీ చెప్తారు. పెట్టె అంటే హార్మోనియం. సర్దడం అంటే నాటకం మొదలుకాకముందు, తెర ఇంకా లేవకముందు, దాన్ని ఒకసారి వాయించి చూసుకోవడం. ఆ పనికి ఇంకో పేరు లేదు. గఫూరుకు అరవై మూడేళ్ళు వచ్చేదాకా ఇంకో పేరు కావాలని ఎవరికీ తోచనూ లేదు.

ఆయనది బుక్కరాయసముద్రం. పగలు అనంతపురం పాతూరులో కుట్టుమిషన్లు బాగుచేసే అంగడి. నాటకం ఉన్న రోజు అంగడి తొందరగా మూసి, కాలితో తొక్కే పెట్టెను బస్సు మీదికి ఎక్కించి ఏ ఊరు పిలిస్తే ఆ ఊరు పోయేవాడు. పగలు మిషను తొక్కి, రాత్రి పెట్టె తొక్కి, ఈ మనిషి నడిచిన దూరం కంటే కూర్చుని తొక్కిన దూరమే ఎక్కువని ఆయన భార్య మాబున్నీసా లెక్క తేల్చింది.

పెట్టె నేర్పినవాడు బసప్ప. రాయదుర్గం వైపు మనిషి, మాటలో సగం కన్నడం. ఊరూరా తిరిగి నాటకాలు నేర్పేవాడు. ఆయన మొదట నేర్పింది రాగం కాదు, దుమ్ము సంగతి.

"ఈ సీమలో గాలి ఉత్త గాలి కాదప్పా, సగం మన్నే," అనేవాడు బసప్ప. "నువ్వు తొక్కే కొద్దీ పెట్టె తాగేది దాన్నే."

హార్మోనియంలో ప్రతి మెట్టు కిందా పలుచటి ఇత్తడి నాలుక ఒకటి ఉంటుంది. దాని సందులో ఇసుక రవ్వ ఒక్కటి ఇరుక్కుంటే చాలు, ఆ మెట్టు మూగబోతుంది. వేషగాడు గొంతెత్తి పద్యం నడిపే వేళ మెట్టు పలకకపోతే నవ్వులపాలయ్యేది వేషగాడు, తిట్లు తినేది పెట్టె మనిషి. అందుకని తెర లేవకముందే అడుగు మెట్టు నుంచి పై మెట్టు దాకా వరసగా నొక్కి చూసుకోవాలి. పలకని మెట్టు దగ్గర ఆగి, అరచేత్తో పెట్టె మూత మీద మూడుసార్లు తట్టాలి. రవ్వ రాలిపడితే సరి. లేకుంటే మూత తీసి ఊదాలి. మొత్తం అర నిమిషం పని. అన్నం పెట్టేముందు కంచం తుడిచినట్టు. తుడుపును ఎవరూ తినరు.

గఫూరు మూడేళ్ళపాటు అట్లాగే తుడిచాడు. తర్వాత ఆయనకే సిగ్గేసింది. నిండు పందిట్లో కూర్చుని, బడిపిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు వరసగా మెట్లు నొక్కడం ఏం బాగుంటుంది? నొక్కేవి ఎట్లాగూ నొక్కాలి కదా అని, మొదటి పద్యం ఏ రాగంలో ఉందో ఆ రాగం దారిలోనే మెట్లన్నిటినీ పలకరించి రావడం మొదలుపెట్టాడు. దానివల్ల ఇంకో లాభం కలిగింది. తెర వెనక నిలబడిన వేషగాడి చెవికి శ్రుతీ రాగమూ ముందే అందేవి. బసప్ప విని, "ఇది సర్దడమేనా?" అని అడిగాడు. సర్దడమే అన్నాడు గఫూరు. "అయితే సర్దు," అన్నాడు బసప్ప. గురువు దగ్గర ఆయన అందుకున్న ఆశీర్వాదం మొత్తం ఇంతే.

అర నిమిషం పని రెండు నిమిషాలైంది. అది ఇరవై నిమిషాలు కావడానికి కారణం తిప్పన్న మీసం.

ఆ రోజుల్లో రాజు వేషానికి తిప్పన్నను మించినవాడు ఈ జిల్లాలో లేడు. కదిరి పక్క ఒక పల్లెలో నాటకం. చలికాలం, పైగా ముసురు. మీసానికి పూసిన బంక ఎంతకూ ఆరలేదు. ఒక పక్క అంటిస్తే ఇంకో పక్క జారుతోంది. మీసం లేని రాజును జనం రానివ్వరు. గఫూరు మెట్లన్నీ చూసుకుని, అడుగు షడ్జం మీద ఆగి, పద్యం కోసం చూస్తున్నాడు. తెర లాగే మనిషి సందులోంచి తల బయటపెట్టి, "మీసం ఆరలేదన్నా, నువ్వు కానీ," అన్నాడు.

గఫూరు కానిచ్చాడు. పోయిన దారిలోనే మళ్ళీ పోతే జనం పసిగడతారు. అందుకని రాగంలో ఇంతవరకూ తొక్కని సందుల్లోకి దిగాడు. మధ్యలో ఒక మెట్టు మూగబోయింది. అలవాటుగా మూత మీద మూడుసార్లు తట్టాడు. రవ్వ రాలింది, మెట్టు పలికింది. కానీ ఆ మూడు తట్లు ఆయన చెవిలో దరువై నిలిచిపోయాయి. అంతదాకా తాళం లేకుండా తిరుగుతున్న స్వరాలు ఆ దరువు పట్టుకుని పరుగు తీశాయి. ఎంతసేపు వాయించాడో ఆయనకే తెలియదు. చివరికి మళ్ళీ అడుగు షడ్జం మీదికి వచ్చి ఆగినప్పుడు పందిట్లో చంటిపిల్లల చప్పుడు కూడా లేదు. మరుక్షణం తెర వెనకనుంచి తిప్పన్న పద్యం లేచింది. జనం పద్యానికి చప్పట్లు కొట్టారు.

పొద్దున టీ తాగేటప్పుడు తిప్పన్న ఒక మాట చెప్పాడు. మీసం పదో నిమిషానికే ఆరిందట. మిగతా పది నిమిషాలు తాను ఊరికే నిలబడి విన్నాడట.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ఆ సర్దడానికి ఒక రూపు వస్తూ పోయింది. మొదట అడుగు మెట్ల మీద తాపీగా నడక. తర్వాత మూడు తట్లు. ఆపైన పరుగు. చివరికి మళ్ళీ మొదలుపెట్టిన చోటికే. దుమ్ము లేని రోజు కూడా తట్లు తట్టక తప్పేది కాదు, అవి లేకుంటే పరుగు ఎత్తుకునేది కాదు. ధర్మవరంలో గఫూరును చూసి నేర్చుకున్న ఒకాయన అప్పుడే అట్టపెట్టెలోంచి తీసిన కొత్త హార్మోనియం మీద కూడా మూడు తట్లు తట్టి సర్దాడని చెప్పుకుని నవ్వేవాళ్ళు. నవ్వింది గఫూరు ఒక్కడే కాదు కానీ, లోపల్లోపల పొంగిపోయింది మాత్రం ఆయన ఒక్కడే.

ఇన్నేళ్ళలో దానికి ఒక్క చప్పట కూడా పడలేదు. అడుగు షడ్జం ఆగీ ఆగకముందే పద్యం లేస్తుంది. చప్పట్లు, ఈలలు, నోట్ల దండలు అన్నీ పద్యానివే. గఫూరు దానికి బాధపడలేదు. ఆయనకు ఉన్నది ఇంకో అనుమానం. తాను వాయిస్తున్నది అసలు ఒక వస్తువేనా, లేక వచ్చేదాని కోసం జనాన్ని కూర్చోబెట్టే కాలక్షేపమా? బస్సు కోసం ఎదురుచూసేవాడు చెట్టు నీడను మెచ్చుకుంటాడు. బస్సే లేదని తెలిస్తే ఆ నీడలో ఎంతసేపు ఉంటాడు?

తర్వాత నాటకాలకు కీబోర్డులు వచ్చాయి. వాటికి దుమ్ము పట్టదు, సర్దే పని లేదు. కమిటీల వాళ్ళకు తొందర ఎక్కువైంది. రాజకీయ నాయకుల ఉపన్యాసాలకు గంటన్నర ఇచ్చి, పెట్టె మనిషిని రెండు నిమిషాల్లో ముగించమనేవాళ్ళు. ఆరేళ్ళలో గఫూరు వాయించినవి మూడు నాటకాలు. మొన్న వేసవి నుంచి కుడిచేతి ఉంగరం వేలు తిమ్మిరెక్కుతోంది. ఆస్పత్రిలో చూపిస్తే మెడ నరమన్నారు, పోను పోను ఇంకా బిగుస్తుందన్నారు. సూదిలో దారం ఎక్కించడానికి ఆ వేలితో పనిలేదు. పరుగుకు మాత్రం అది లేకుంటే కుదరదు.

ఆ సమయంలోనే త్రివేణి అంగడికి వచ్చింది. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తుంది, నాటకాల పాటల మీద ఏదో రాస్తోంది. వాళ్ళ అమ్మ మిషను బాగుచేయించే నెపంతో వచ్చి గంటసేపు కూర్చుంది. చిన్నప్పుడు ఆయన సర్దడం విన్నానని, టౌనులో ఒక సభ జరుగుతోందని, అందులో అది ఒక్కటే వాయించాలని అడిగింది. నాటకం ఉండదు, పద్యం ఉండదు.

గఫూరు మిషను మీదనుంచి తల ఎత్తలేదు. ఆమె చెప్పుకుంటూ పోయింది. పరదేశాల్లో కూడా తీగల వాయిద్యం వాయించేవాళ్ళు పాట ఎత్తుకునేముందు తీగలు సరిపోయాయా లేదా అని అట్లాగే మీటి చూసుకునేవాళ్ళట. చూసుకోగా చూసుకోగా అది ముచ్చటైన వాయింపు అయిందట. కొందరు దాన్ని కాగితం మీద పెట్టారట. కొన్నాళ్ళు పెద్ద కృతికి ముందు వాకిలిలాగా ఉండి, ఆ తర్వాత వెనక ఇల్లు లేకుండా వాకిలి ఒక్కటే నిలబడిందట. ఇప్పుడు దాన్నే వినడానికి జనం పోతారట.

"వెనకాల ఏమీ రాదా?" అన్నాడు గఫూరు.

"ఏమీ రాదు."

"ఏమీ రాదని తెలిసినాక కూడా జనం యాడికీ పోకుండా కూర్చుంటారా మేడమ్?"

కూర్చుంటారంది త్రివేణి. గఫూరు నమ్మలేదు, కానీ ఒప్పుకున్నాడు. వేలు పూర్తిగా బిగిసిపోకముందే ఆ అనుమానం తీర్చుకోవాలనిపించింది.

నెల రోజులు ఇంట్లో అదే పని. మాబున్నీసా బియ్యం ఏరుతూ వినేది. ఒకరోజు చేట పక్కన పెట్టి అడిగింది. "నలభై ఏండ్లుగా సర్దుతాండావు. ఆ పెట్టె ఇంగా సర్దుకోలేదా?"

సభ దగ్గరపడే కొద్దీ ధైర్యం జారింది. తిప్పన్న ఇంటికి పోయి, చివర్లో ఒక్క పద్యం అందుకోమని బతిమాలాడు. తిప్పన్న తన గొంతు మీద చెయ్యి వేసి చూపించాడు. పై శ్రుతిలో పాడీ పాడీ అది పోయి ఎనిమిదేళ్ళైంది, ఇప్పుడు మాట్లాడినా గాలే ఎక్కువ వస్తుంది. పాడలేను గానీ ముందు వరసలో కూర్చుంటానని చెప్పి పంపాడు.

సభ పొద్దున పదిన్నరకు. వేదిక మీద ఏడుగురు ముఖ్య అతిథులు, వాళ్ళలో ఏ వాయిద్యమూ తాకినవాడు లేడు. ఏడు ఉపన్యాసాలూ, ఏడు శాలువలూ అయ్యాక, భోజనాలకు ముందు మిగిలిన సందులో గఫూరును పిలిచారు. పిలిచినవాడు దివాకర్, సభ జరిపే సంఘానికి కార్యదర్శి. మంచివాడే, ఆకలి మీద ఉన్నాడు. హాల్లో నూటయాభై మంది ఉంటారు. సగం నాటకాల పిచ్చి ఉన్న పాతవాళ్ళు, సగం హాజరు కోసం వచ్చిన విద్యార్థులు.

గఫూరు కూర్చున్నాడు. అడుగు షడ్జం పలికించాడు. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. తాపీగా నడక సాగింది. వేలు మొరాయించిన చోట పక్క వేలితో దాటించాడు, అది ఆయనకు తప్ప ఎవరికీ తెలియలేదు. రాగం పూర్తిగా విచ్చుకున్నాక చెయ్యి ఎత్తి మూత మీద మూడుసార్లు తట్టాడు.

పరుగు ఎత్తుకోబోయేలోపల దివాకర్ వేదిక ఎక్కాడు. పెట్టె దగ్గరికి వంగి, మైకు పక్కనే ఉందన్న సంగతి మరిచి, మర్యాదగానే చెప్పాడు.

"గఫూరన్నా, పెట్టె సర్దుకున్నావు కదా. ఇంగ మొదలుపెట్టన్నా, టైమైతాంది."

అది హాలంతా వినబడింది. వెనక వరసల్లో పిల్లలు నవ్వారు. అందులో దివాకర్‌ను తిట్టడానికి ఏమీ లేదు. ఈ సీమలో పుట్టి నాటకాలు చూసిన ఎవడైనా అదే అనుకుంటాడు. మూత తట్టాడంటే దుమ్ము దులిపినట్టు, దుమ్ము దులిపాడంటే అసలుది ఇంకా రావలసి ఉన్నట్టు.

గఫూరు చేతులు మెట్ల మీదే ఉన్నాయి, కాళ్ళు మాత్రం ఆగాయి. తిత్తిలో మిగిలిన గాలికి ఒక స్వరం కాసేపు నీలిగి ఆరిపోయింది. తన అనుమానానికి జవాబు దొరికిందనుకున్నాడు. ఇప్పుడు ఏదో ఒక పద్యం వరస వాయించి దిగిపోవచ్చు. అందరూ భోజనానికి పోవచ్చు.

ముందు వరసలో కుర్చీ కిర్రుమంది. తిప్పన్న లేచాడు. వేదిక మెట్లెక్కి, దివాకర్‌ను పక్కకు జరగమన్నట్టు సైగ చేసి, ఒకప్పుడు తెర వెనక తాను నిలబడే చోటు ఎక్కడుంటుందో సరిగ్గా అక్కడ, పెట్టెకు ఎడమవైపు, రెండడుగుల వెనక నిలబడ్డాడు. పాతవాళ్ళు సర్దుకుని కూర్చున్నారు. పద్యం వస్తుందనుకున్నారు. గఫూరూ అదే అనుకున్నాడు. అనుకుని, స్నేహితుడు కాపాడటానికి వచ్చినందుకు సంతోషపడాల్సింది పోయి, ఇదీ పద్యం కోసమే అయిందని చేతులు మెట్ల మీదనుంచి దించేశాడు.

తిప్పన్న చేతులు కట్టుకున్నాడు. ఆ గాలి గొంతుతోనే అన్నాడు.

"మీసం ఇంగా ఆరలేదప్పా. నువ్వు కానీ."

తిప్పన్న మూతి మీద మీసం లేదు, అది నున్నగా గీసి ఉంది. గఫూరు ఆయన ముఖం వైపు ఒక్కసారి చూశాడు. తర్వాత కాళ్ళు కదిలాయి, తిత్తి నిండింది. మళ్ళీ మూడు తట్లు తట్టి పరుగు ఎత్తుకున్నాడు.

కదిరి పక్క పల్లెలో వాయించినంత బాగా వాయించాడని చెప్పలేం. ఆ వేలు రెండుచోట్ల మోసం చేసింది. కానీ ఆ పరుగు ఎక్కడికి పోవాలో అక్కడికి పోయింది, తిరిగి వచ్చి అడుగు షడ్జం మీద ఆగింది. గఫూరు మెట్టు మీదనుంచి వేలు తీసి, ఒళ్ళో పెట్టుకున్నాడు.

పద్యం లేవలేదు. తిప్పన్న కట్టుకున్న చేతులు విప్పలేదు. చప్పట్లు కొట్టాలని ఎవరికీ తోచలేదు, ఆ చోట చప్పట్లు కొట్టే అలవాటు ఈ సీమలో ఎవరికీ లేదు. పక్క గదిలో విస్తర్లు పరుస్తున్న చప్పుడు వినబడుతూనే ఉంది. అయినా ఎవరూ లేవలేదు. పాతవాళ్ళు లేవలేదు, పిల్లలూ లేవలేదు. దివాకర్ కూడా మైకు పట్టుకుని వేదిక అంచున నిలబడిపోయాడు. త్రివేణి మూడో వరసలో చెంపకు చెయ్యి ఆనించుకుని అట్లాగే ఉంది.

ఎంతోసేపటికి వెనకనుంచి ఒక ముసలాయన గొంతు వచ్చింది. "ఐపాయనా?"

"ఐపాయ," అన్నాడు గఫూరు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మాబున్నీసా వాకిట్లో ఉంది. ఆటోలోంచి పెట్టె దించడానికి ఒక చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి లోపల పెట్టాక, తలుపు దగ్గరే నిలబడి అడిగింది, సర్దినావా అని.

"సర్దినా," అన్నాడు గఫూరు. తువ్వాలు తీసి మూత మీద దుమ్ము తుడిచాడు.