మొగిలి ఘాటులో ముందు సీటు

మా ఆయన బస్సు డ్రైవరు. నేను చిత్తూరులో హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. కాపురం పలమనేరులో. ఆయన డ్యూటీలు, నా స్కూలు, వంట, దిద్దాల్సిన పేపర్లు. ఇంట్లో ఇద్దరం తీరిగ్గా ఒకచోట కూర్చున్నది తక్కువే. అందుకే నాకు పొద్దున బస్సంటే అంత ఇష్టం. చిత్తూరు వెళ్ళే ఆ బస్సును ఆయనే తోలేవారు. ఎడమవైపు ముందు సీటు నాది. ఎవరైనా తెలియక అందులో కూర్చుంటే, నేను చూసే చూపుకు వాళ్ళే లేచిపోయేవారు. పిల్లలకు నేనంటే హడలు ఊరికే రాలేదు.

బస్సులో మేం మాట్లాడుకునేవాళ్ళం కాదు. డ్రైవరుతో మాట్లాడరాదని అద్దం పైన రాసి ఉండేది. ఆయన దాన్ని ప్రత్యేకంగా నా కోసమే రాయించినట్టు పాటించేవారు. అయినా కళ్ళు మూసుకుని కూర్చుంటే చాలు, ఆయన ఏం చేస్తున్నదీ నాకు తెలిసిపోయేది. బ్రేకు పడితే బస్సు నెమ్మదిస్తుంది, అందులోని మనిషి ఒళ్ళు మాత్రం పాత వేగంతోనే ముందుకు పోవాలని చూస్తుంది. మలుపులో బస్సు తిరుగుతుంది, ఒళ్ళు తిన్నగా పోతానంటుంది. దీన్నే జడత్వం అంటాం. ఆయన మలుపు రాకముందే బ్రేకు మీద కొంచెం కాలు వేసి, తర్వాత ఇంకొంచెం తొక్కేవారు. దారిలో మొగిలి ఘాటు కొండరోడ్డు దిగుతుంటే నేను ఎప్పుడు ముందుకు వాలానో, ఎప్పుడు వెనక్కి సర్దుకున్నానో నాకే తెలిసేది కాదు.

చుట్టుపక్కల పల్లెల నుంచి చిత్తూరుకు పెరుగు తీసుకెళ్ళే ఆడవాళ్ళు, బస్సెక్కే ముందు వంగి డ్రైవరు ఎవరా అని చూసేవారు. పెరుగు గిన్నెలను ఒళ్ళో పెట్టుకుని పసిపిల్లల్లా పట్టుకునేవారు. కుదుపులకు పెరుగు కదిలి నీళ్ళు తేలితే కొనేవాళ్ళు మూతి తిప్పుకుంటారు కదా.

"మీ ఆయప్ప తోల్తే గట్టి పెరుగు గట్టిగానే దిగతాదమ్మా. ఇంగొకరు తోల్తే మజ్జిగే అమ్ముకోవాల" అంది ఒకామె నాతో.

నాకు గర్వమే కాదు, కొంచెం కడుపుమంట కూడా కలిగింది. ఆయన పనితనం నా ఒక్కదానికే తెలుసని అప్పటిదాకా మురిసిపోయాను మరి.

వేగం ఒకేలా ఉన్నంతసేపూ ఒంటికి తెలియదని, మారినప్పుడే తెలుస్తుందని ఏటా పిల్లలకు చెబుతాను. ఆ పొద్దులు అలా ఒకేలా సాగుతున్నప్పుడు అవి నాకెంత కావాలో నాకు తట్టలేదు. పోయిన ఏడాది కంటి పరీక్షలో ఆయన తప్పారు. ఎడమ కన్ను మసకబారింది, ఇక బాగుపడదన్నారు. స్టీరింగు వదిలించి డిపోలో కుర్చీ పని ఇచ్చారు.

కొత్త డ్రైవరు మంచి కుర్రాడే. బ్రేకు వేశాడంటే నా ముక్కు పోయి ముందున్న కడ్డీకి తగులుతుంది, అంతే. పెరుగు ఆడవాళ్ళు ఆటో మాట్లాడుకున్నారు. నేను మాత్రం ఆ సీటులోనే కూర్చుని, రోజూ ఆయన కోసం బెంగపడుతూ వెళ్ళేదాన్ని. ఇంటికి వస్తే ఆయన ఎదురుగానే ఉండేవారు. అయినా ఆ బెంగ తీరేది కాదు.

"సెలవు రోజు ఒకసారి నాతో బస్సులో రాండి" అని ఎన్నిసార్లు అడిగానో.

"నేనొచ్చి ఆడ ఏం జేయాల? ఊరికే కూసోవాల్నా?"

"కూసుంటే సాలు."

ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవారు.

పోయిన వారం చిత్తూరులో మా మేనకోడలి సీమంతం. ఇద్దరం వెళ్ళక తప్పలేదు. ఆయన తలవంచుకుని బస్సెక్కి నా పక్కన కూర్చున్నారు. డ్రైవరు నమస్కారం పెడితే చెయ్యెత్తారు. ఆయన భుజం నా భుజానికి ఆనుకుని ఉంది. నాకు అదే చాలనిపించింది.

ఘాటు మొదలైంది. మలుపు ఇంకా కొంత దూరం ఉండగానే ఆయన కుడికాలు ముందుకు జరిగి, ఉత్త నేలను మెల్లగా తొక్కింది. డ్రైవరు ఇంకా బ్రేకు వేయలేదు. బస్సు వేగం రవ్వంతైనా తగ్గలేదు. నా ఒళ్ళు మాత్రం ముందుకు వాలింది.