కోడికూత వినపడని కంప్యూటర్

తొంభైల చివర్లో నేను ఆత్మకూరులో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేదాన్ని. అక్క ఉదయగిరిలో టీచరు. ఆమె కూతురికి అప్పుడు మూడేళ్లు. ఆ చలికాలం పాపకు జలుబు చేసి, చెవిపోటు వచ్చి తగ్గింది. తగ్గాక, వెనకనుంచి పిలిస్తే తిరిగి చూడటం మానేసింది. నెల్లూరులో చెవి డాక్టరును చూడాలంటే మరుసటి వారం దాకా ఆగాలి. అక్క ఆగలేకపోయింది.

"నీ కంప్యూటర్‌తో ఏమన్నా తెలుస్తాదా?" అని ఫోన్‌లో అడిగింది.

డాక్టరు చేసే పరీక్ష నాకెలా వస్తుంది? చిన్న ప్రోగ్రాం మాత్రం రాశాను. కోడికూత వినిపిస్తుంది, మీట నొక్కినప్పుడల్లా వాల్యూమ్ కాస్త పెరుగుతుంది, ఎంత పెరిగిందో తెరమీద అంకె కనిపిస్తుంది. మా సెంటర్‌లో ఉన్నది పాత విండోస్ 3.1. హెడ్‌ఫోన్ పెట్టుకుని నేనే విని చూశాను. మొదట్లో పక్కవీధిలో కూసినట్టుంది, చివరికి మా వాకిట్లోనే కూసింది.

ఆదివారం ఆ ఫ్లాపీ తీసుకుని ఉదయగిరి వెళ్లాను. చర్చి అయ్యాక అక్క అడిగి తమ స్కూలు ఆఫీసు గది తెరిపించింది. అక్కడ కొత్తగా కొన్న కంప్యూటర్ ఉంది, విండోస్ 98ది. అక్క పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. నేను పాప తలకు హెడ్‌ఫోన్ పెట్టి, మీట నొక్కుతూ పోయాను. తెరమీద అంకె పెరుగుతోంది. పాప కుర్చీ రెక్సిన్ గిల్లుకుంటోందే తప్ప తల ఎత్తలేదు.

"ఎంతలో ఉండాది?" అంది అక్క.

"నిండా పెట్టినాను."

"అయితే బిడ్డకి బొత్తిగా వినపళ్ళా." అక్క ముఖం పాప జుట్టులో దాచుకుంది.

పాప తలమీంచి హెడ్‌ఫోన్ తీసి నా చెవులకు పెట్టుకున్నాను. కోడి లేదు, కూత లేదు.

"అక్కా, నాకూ వినపళ్ళా!"

"నీకేమైందే?" అంది అక్క, ఏడుపు మధ్యలోనే.

తెర మూలనున్న స్పీకరు బొమ్మ నొక్కితే సంగతి తెలిసింది. ఈ విండోస్‌లో వాల్యూమ్‌కు ఒకటి కాదు, తెరమీద పైకీ కిందికీ జరిపే మీటలు వరసగా చాలా ఉన్నాయి. నా ప్రోగ్రాం వాటిలో ఒకదాన్నే పైకి తోసింది. అన్నిటికీ పెద్ద మీట ఒకటుంది, దాన్ని ఎవరో మూసేసి పెట్టారు. పాత విండోస్ మీద రాసిన నా ప్రోగ్రాంకు అది ఉన్నట్టే తెలియదు.

చేత్తోనే దాన్ని తెరిచి, మళ్లీ అడుగు నుంచి మొదలుపెట్టాను. నాకు వినపడినంతలో పాపకు వినపడలేదు. ఇంకాస్త పెంచాను. రెక్సిన్ గిల్లే వేళ్లు ఆగాయి. పాప అక్క ఒళ్లోంచి జారి, బల్ల కిందికి తొంగి చూసింది.

"కోడేదీ?"

అక్క నవ్వుతూనే ఏడ్చింది. నేను కూడా.

కర్ణభేరి వెనక నీరు చేరిందని, మందులతో పోతుందని నెల్లూరు డాక్టరు చెప్పాడు. అలాగే పోయింది. వేసవికల్లా వంటింట్లోంచి పిలిస్తే పాప వాకిట్లోంచి పలికేది.

ప్రోగ్రాం సంగతి అక్కడితో తేలలేదు. ఆ పెద్ద మీటను తెరిచే వదిలి వచ్చాను. మరునాడే స్కూలు గుమాస్తా అక్కను పట్టుకున్నాడట. "ఏంది మేడం, ఆన్ చేస్తానే అరస్తా ఉండాది?" ఆ రొద పడలేక మొదట పెద్ద మీట మూసింది ఆయనేనట. ఇంకో ఆదివారం మళ్లీ వెళ్లి అక్కడే కూర్చుని మార్చాను. ముందు ఏ విండోస్ అని ప్రోగ్రాం కనుక్కుంటుంది. పాతదైతే పాత దారి. కొత్తదైతే పెద్ద మీటను వెతికి తెరుస్తుంది, పని అయ్యాక ఉన్నదాన్ని ఉన్నట్టు మూసిపెడుతుంది. ఆ వారం మా సెంటర్ మిషన్ మీదా, ఆపై ఆదివారం మళ్లీ వెళ్లి స్కూలు మిషన్ మీదా ఒకేలా కూసిందాకా నాకు మనసు నిలవలేదు.

ఆ సాయంత్రం బస్సులో కూర్చున్నదే గుర్తు. ఆత్మకూరొచ్చిందని కండక్టరు లేపాడు.