నందిని సైరన్ మోగినప్పుడు కనకం తిరిగిన వైపు

భిలాయి పవర్‌హౌస్ మార్కెట్లో నాకు సైకిల్ రిపేర్ దుకాణం ఉండేది. అక్కడి నుంచి నందిని సున్నపురాయి గనులు పాతిక కిలోమీటర్ల లోపే. అయినా దుకాణం పెట్టిన పన్నెండేళ్లలో అటు వెళ్లే పని పడలేదు. డెబ్బైల చివర ఒక చలికాలం ఆదివారం వెళ్లాను, కనకం కోసం. స్టీలు ప్లాంటు కోక్ ఓవెన్లలో పనిచేసే మా శ్రీకాకుళం అప్పన్న కూతురు కనకం. చిన్నప్పుడు గాలిపోయిన ఫుట్‌బాల్ పట్టుకుని నా దగ్గరికి వచ్చేది. లోపలి బ్లాడర్‌కి సైకిల్ ట్యూబు ముక్క అతికించి ఇచ్చేవాణ్ణి. ప్లాంటు క్వార్టర్ల సెక్టారు మైదానంలో మగపిల్లల మధ్య ఆడిన ఆ పిల్లే పెద్దయ్యాక రాష్ట్రం జట్టుకి, ఆ తర్వాత దేశం జట్టుకి ఫార్వర్డ్ అయింది. విమానమెక్కి వెళ్లి పరాయి గడ్డ మీద గోల్స్ కొట్టి వచ్చింది. పత్రికలో పడిన ఫోటో కత్తిరించి దుకాణం గోడకి అంటించాను. పంక్చర్లు వేస్తూ తల ఎత్తినప్పుడల్లా, ఈ పిల్లకా నేను బ్లాడర్ అతికించింది అనిపించేది.

ఆ తర్వాత ఒక ఆటలో కుడి మోకాలు తిరగబడింది. ఏడాది పాటు బంతి ముట్టలేదు. డాక్టరు నయమైందన్నాడు గాని, పరుగెత్తేటప్పుడు ఆ కాలి మీద బరువు వేసి ఎడమ పక్కకి తిరగాలంటే ఒళ్లు ఒప్పుకునేది కాదు. ఫార్వర్డ్‌కి అది రాకపోతే ఆట లేనట్టే. అలాంటప్పుడు కలకత్తాలో పెట్టిన దేశం జట్టు క్యాంపు నుంచి ఉత్తరం వచ్చింది, సోమవారానికల్లా వచ్చి కనిపించమని. శుక్రవారం కనకం దుకాణానికి వచ్చి బెంచీ మీద కూర్చుంది.

"బాబాయ్, ఆదివారం నందినిలో గని వోళ్లతో మా సెక్టారు కుర్రోళ్ల మ్యాచ్ ఉంది. నానూ ఆడతన్నాను. అక్కడ నేలంతా రాయేనంట. ఆ రాయి మీద కాలు ఆగితే రాత్రి బండెక్కుతాను. లేదంటే రానని ఉత్తరం రాసేస్తాను. నువ్వు రావాల."

"నానెందుకమ్మా?"

"కుర్రోళ్లు నా మనసు కష్టపెట్టరు, బాగా ఆడినావంతారు. నాన్న ఏడుస్తాడు. నువ్వు మాటాడవు గాని, సూసింది సూసినట్టు సెప్తావు."

పవర్‌హౌస్ నుంచి నందిని రోడ్డు మీద మధ్యాహ్నం పన్నెండింటికి ఒక ప్రైవేటు బస్సు ఉండేది. టికెట్టు రూపాయిన్నర, మా జట్టు బంతుల సంచికి మాత్రం పావలా. రోజూ ఖర్చులు పుస్తకంలో రాసుకునే అలవాటు వల్ల ఇవన్నీ ఇప్పటికీ చెప్పగలుగుతున్నాను. ఊళ్లు దాటేకొద్దీ రోడ్డు పక్క చెట్ల ఆకులు తెల్లబడుతూ వచ్చాయి. సున్నపురాయి దుమ్ము. దాదాపు గంటన్నర పట్టింది. కనకం కిటికీ పక్కన కూర్చుని దారంతా మోకాలు నిమురుకుంటూనే ఉంది. ఒళ్లో బూట్లు. వాటి అడుగున ఉన్న రబ్బరు గుబ్బలు నేనే హథ్‌ఖోజ్ ఫ్యాక్టరీల వాడలో ఒక వర్క్‌షాపులో పాత కన్వేయర్ బెల్టు ముక్కలు అడిగి తెచ్చి, కోసి, బిగించినవి.

గని కాలనీ మొదట్లో తాటాకు నీడన ఒక ఛత్తీస్‌గఢీ ఆవిడ చీలా పోస్తోంది. బియ్యప్పిండి అట్టు, మీద టమాటా చట్నీ. రెండు అర్ధరూపాయి. ఆటగాళ్లు మైదానానికి వెళ్లిపోయారు, నేను తింటూ నిలబడ్డాను. నందినికి కొత్తా అని అడిగిందావిడ. తలాడించాను.

"అయితే విను భయ్యా. మూడింటికి సైరన్ కూస్తుంది. రాయి పేలుస్తారు. ఎక్కడున్నవాడు అక్కడే నిలబడిపోవాలి, రెండో సైరన్ దాకా. ఆదివారమైనా అంతే. మా ఆయన పెళ్లిలో తాళి పట్టుకుని అలాగే నిలబడ్డాడు."

"అంతసేపూ ఆవిడేం చేసింది?" అన్నాను, నాకు తెలియకుండానే.

"ఆవిడెవరు, నేనే కదా! పారిపోతే ఇప్పుడే అని ఆలోచించాను," అని నవ్వింది.

మైదానానికి వెళ్లి ఈ మాట చెబుదామనుకున్నాను. మా ఆటగాళ్లు గుండ్రంగా నిలబడి వ్యూహం మాట్లాడుకుంటున్నారు. వాళ్లకి తెలిసే ఉంటుందిలే అనుకుని ఒక రాతి మీద కూర్చున్నాను.

ఆట రెండింటికి మొదలైంది. గడ్డి లేదు, తెల్లటి గట్టి నేల. గని జట్టు డిఫెండరు రామ్మూర్తి అని విజయనగరం మనిషి, పార ఎత్తి ఎత్తి భుజాలు గుమ్మమంత అయ్యాయి. కనకాన్ని చూసి మొదట్నించీ వేళాకోళమే.

"దీదీ, పేపర్లో బాగా ఆడినావంట. ఈ నేలకి సదువు రాదమ్మా!"

"నీకొచ్చేటి?" అంది కనకం. అందరూ నవ్వారు.

కాని మొదటి సగంలో నవ్వు రామ్మూర్తిదే. బంతి వచ్చిన ప్రతిసారీ కనకం కుడి పక్కకే పోతోంది. రెండు సార్లకే అతను కనిపెట్టేశాడు. ఆమె కదలకముందే వెళ్లి అక్కడ నిలబడేవాడు. ఎడమ పక్క వాకిలి తీసినట్టు ఖాళీగా ఉన్నా ఆమె అటు పోలేదు. గని జట్టు ఒక గోల్ కొట్టింది. విరామంలో కనకం నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

రెండో సగం మొదలైన కాసేపటికి ఆమెకి మధ్యలో బంతి దొరికింది. సరిగ్గా అప్పుడే సైరన్ మోగింది. గని జట్టు పదకొండుమందీ నిలబడిపోయారు. రామ్మూర్తి ఒక కాలు ముందుకు వేసి, ఆ కాలు అలాగే ఉంచి ఆగాడు. గోల్ దగ్గరివాడు చేతులు కట్టుకున్నాడు. మా వాళ్లలో ఒకడు చేతి గడియారం చూసుకుని, "రెండింటి షిఫ్టు సైరన్ మూడింటికేటి?" అన్నాడు. భిలాయిలో పుట్టిన పిల్లకి సైరన్ అంటే ఏమిటి? అది మోగితే పని ఆగదు, చేతులు మారతాయి అంతే. కనకం ఆగలేదు. కుడికి పోబోయి, ఎదురుగా రామ్మూర్తి భుజం ఉండటం చూసి, రాతి నేల మీద కుడి కాలు గట్టిగా నాటి, చటుక్కున ఎడమకి తిరిగింది. నీళ్లు మళ్లినట్టు తిరిగింది. నాలుగు అంగల్లో గోల్ ముందుకు చేరి బంతిని మూలకి కొట్టింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"ఏటయింది? ఎవరైనా సచ్చిపోనారేటి?" అంది కనకం. అప్పుడు నేల కింద నుంచి ఢామ్మని మోత వచ్చింది. నేను కూర్చున్న రాయి కదిలింది. దూరంగా తెల్లటి దుమ్ము లేచింది. రెండో సైరన్ మోగాక రామ్మూర్తి కాలు వెనక్కి తీసుకుని విషయం చెప్పాడు.

రెఫరీగా ఉన్న గని గుమాస్తా తల గోక్కున్నాడు. తాను ఈల వేయలేదు కాబట్టి రూలు ప్రకారం గోలే అన్నాడు. మా కుర్రాళ్లు ఎగిరారు. కనకం మాత్రం బంతి చంకన పెట్టుకుని నడిచి వెళ్లి రామ్మూర్తి ముందు పెట్టింది.

"నిలబడిపోయినోణ్ణి దాటడం ఏటి గొప్ప? తీసుకో."

అతను ఆ తర్వాత వేళాకోళం ఆడలేదు. ఆట అయిపోయేదాకా ఆమె మళ్లీ గోల్ కొట్టలేకపోయింది. మేం ఒక గోల్ తేడాతో ఓడిపోయాం.

సాయంత్రం బస్సు నిండిపోయింది. రాతి పొడి వేసుకుని హథ్‌ఖోజ్ పోతున్న లారీ డ్రైవరు మనిషికి రూపాయి చొప్పున పవర్‌హౌస్ దగ్గర దింపుతానన్నాడు. కుర్రాళ్లు వెనక ఎక్కారు. కనకం, నేను ముందు కూర్చున్నాం. బూట్ల గుబ్బల్లో ఇరుక్కున్న తెల్ల దుమ్ము ఆమె వేలితో గీకుతోంది.

"ఉత్తరం రాసేస్తాను బాబాయ్," అంది చివరికి. "ఒక్కపాలి కూడా తిరగలేకపోనాను."

"తిరిగావు."

"ఎప్పుడు?"

"సైరన్ మోగినప్పుడు. ఎడమకి. ఆ కాలి మీదే."

ఆమె నా వైపు చూసి, మోకాలు వైపు చూసింది. చేత్తో అటూ ఇటూ నొక్కి చూసుకుంది. నేను ఊరికే అనే మనిషిని కానని ఆమెకి తెలుసు. డ్రైవరు, "క్యా హువా దీదీ, ఏడుస్తున్నావా?" అన్నాడు. "దుమ్ము భయ్యా," అంది కనకం.

ఆ రాత్రి హౌరా వెళ్లే బండిలో ఆమెని ఎక్కించాం. తర్వాత ఎనభైల్లోనూ కొన్నేళ్లు దేశం కోసం ఆడింది. నా దుకాణం గోడ మీద మరో మూడు ఫోటోలు చేరాయి. వాటన్నిటినీ చూశాను గాని, నేను కళ్లారా చూసిన గొప్ప ఆట మాత్రం లెక్కలోకి రాని ఆ గోలే. బంతితో పాటు గోల్ తిరిగి ఇచ్చేసింది. ఆ మలుపు మాత్రం తనతోనే కలకత్తా తీసుకెళ్లింది. చీలావిడ మాట నేను ముందే చేరవేసి ఉంటే కనకం కూడా సైరన్‌కి నిలబడిపోయేది. ఇన్నేళ్లయినా, నా మౌనం చేసింది మేలో పొరపాటో నాకు తేలలేదు. లారీలో మాత్రం నోరు విప్పాను, అది చాలు.

గనుల వైపు వెళ్లేవాళ్లు బస్సు దిగగానే ముందు పేలుడు వేళ ఎవరినైనా అడిగి తెలుసుకోండి. తెలుసుకున్నాక పక్కనున్నవాళ్లకి కూడా చెప్పండి.