ఐదో ముక్క

ఎమిల్ బాబిచ్ మళ్ళీ పేకాటకి వెళ్తానన్నప్పుడు అతని భార్య జోనెట్ కాదనలేదు. అనుమానం అక్కడే రావలసింది. పెళ్ళయిన కొత్తలో ఇదే పేకాట మీద అలిగి ఆవిడ రెండుసార్లు పుట్టింటికి వెళ్ళింది. మూడోసారి వెళ్తే తిరిగి రానని చెప్పాక అతను ముక్కలు ముట్టుకోవడం మానేశాడు. అలాంటి మనిషి ఇప్పుడు తనే కోటు తెచ్చి, ఎడమ చెయ్యి తొడుక్కోవడం అతను మరిచిపోతే అదీ తొడిగి, "నలుగురిలో కూచుంటే ఒంటికి మంచిది, వెళ్ళు" అని గుమ్మందాకా వచ్చి సాగనంపింది.

మార్చిలో ఎమిల్‌కి పక్షవాతం వచ్చింది. వేసవి గడిచేసరికి కాలు కదిలింది, చెయ్యి కదిలింది, మాట తిరిగింది. డాక్టరమ్మ చిన్న కాగితమ్ముక్క ఇచ్చి గడియారం బొమ్మ గియ్యమంటే గీశాడు. వందలోంచి ఏడేసి చొప్పున తీసెయ్యమంటే తీసేశాడు. బాగున్నారంది. జోనెట్ కూడా బాగున్నావంది. చర్చిలో ఫాదరు అదే మాటన్నాడు. కిరాణా కొట్లో ఏనాడూ పలకరించని మనిషి సైతం ఆపి మరీ బాగున్నావన్నాడు. విని విని ఎమిల్‌కి ప్రాణం విసిగిపోయింది. నిజంగా బాగున్నవాణ్ణి పట్టుకుని ఎవరూ అన్నిసార్లు ఆ మాటనరు.

ఇంట్లో అతనికి కష్టమేమీ లేదు. గుమ్మాలు ఇరుకై ఎడమ భుజం తరచు కొట్టుకుంటోంది, అంతే. తిండికైతే లోటే లేదు. ఈమధ్య జోనెట్ మారు వడ్డించడం కూడా నేర్చింది. అతను ఖాళీ పళ్ళెం ముందు ఫోర్కు పెట్టేసి కూచుంటే, ఆవిడ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వెనకనుంచి వచ్చి పళ్ళెం ఒకసారి ఎత్తి పెడుతుంది. చూస్తే మళ్ళీ బంగాళదుంప ముద్ద, క్యారెట్లు. "నన్ను పండక్కి మేపుతున్నావా ఏమిటి" అంటాడతను. ఆవిడ నవ్వదు.

అసలు బాధ సోమవారం గురించి. ఇరవై పైచిలుకు చలికాలాలు ఎమిల్ ఈ బ్యూట్ ఊళ్ళో రోడ్ల మీద మంచు తోసే బండి నడిపాడు. కొండ మీద, పాత గనుల పక్కనుంచి పైకెక్కే రోడ్డు అతనిది. తెల్లారక ముందే మంచు తోసేస్తే తప్ప స్కూలు బస్సు దిగదు. ఎదురొచ్చే బళ్ళన్నీ ఎడమ చేతి పక్కనుంచి వస్తాయి, అవతల లోయ. రోడ్ల ఆఫీసులో పెద్ద అతన్ని పిలిచి, "నువ్వు సై అంటే నెలాఖరు సోమవారం తాళాలు నీవే" అన్నాడు. డాక్టరమ్మ సై అంది, జోనెట్ సై అంది. అనలేనిది ఎమిల్ ఒక్కడే. తను పనికొస్తాడో రాడో అతనికి తెలియదు. తెలిసినవాళ్ళు చెప్పరు. నిద్ర పట్టక పడుకుని ఆలోచిస్తే, తన మీద ప్రేమ లేనివాళ్ళని అడగడం ఒక్కటే దారి అనిపించింది. అందుకని పేకాటకి వెళ్ళాడు.

తమ్ముడు తమ్ముడే, పేకాట పేకాటే అని ఊరికే అనలేదు. టామరాక్ బార్లో శనివారం మధ్యాహ్నం ఆట చిన్న ఆటే. ఎంత పోయినా ఓ పూట భోజనం ఖర్చు. కానీ ఆ భోజనం కోసం కూడా ఎదుటివాడి గొంతు పట్టుకునే మనుషులు వాళ్ళు. చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి ఐదు. ముందు మూడు ఒకేసారి పడతాయి, తర్వాత ఒకటి, చివరికి మరొకటి. ప్రతి ముక్కకీ పందెం. ఆలోచన కాస్త తడబడ్డా చాలు, చొక్కా విప్పుకుపోతారు.

మొదటి శనివారం అతనికి పందెంలో డబ్బు బదులు పెట్టే చిప్స్ దొంతర పెట్టడమే కష్టమైంది. అయితే పాతరోజుల్లో లేని గుణం ఒకటి వచ్చిందని గమనించాడు. అప్పట్లో ఏ ముక్క పడినా ఆడేవాడు. ఇప్పుడు ఒంట్లో అంత ఓపిక లేదు. పనికిరాని ముక్కలు పడేసి కూచుంటున్నాడు. సగం ఆట ఆడకుండా ఉండటమేనని యాభై ఎనిమిదో ఏట, నీరసం వల్ల తెలిసింది. ఆ రోజు గెలిచాడు. తర్వాతి శనివారమూ గెలిచాడు. ఇంటికొచ్చి జోనెట్‌కి చెప్తే ఆవిడ ముఖం విప్పారింది. అతనికీ కొంచెం ఆశ పుట్టింది.

మూడో శనివారం ఓరిన్ ట్రెగెన్నా కారులోనే వెళ్ళాడు. గనిలో పెద్ద లారీలు తోలి రిటైరైన మనిషి ఓరిన్. అతని నోట్లో నువ్వుగింజ నానదు. ఎప్పట్లాగే ఎమిల్ ఎడమ పక్క కుర్చీలో కూలబడ్డాడు. కుడి పక్క థెల్మా కోస్కెలా. డెబ్భై దాటిన ఫిన్లండు ముసలమ్మ, గని కార్మికుడి విధవరాలు. ఈ బల్ల దగ్గర ఆవిడకి భయపడనివాడు లేడు. ఎదురుగా ముక్కలు పంచే కాలీన్. ఇంకో ఇద్దరున్నారు గానీ వాళ్ళు వచ్చింది బీరు కోసం.

థెల్మా దగ్గర మొగుడి గని బిళ్ళ ఉంటుంది, నంబరు చెక్కిన ఇత్తడిది. మంచి ముక్కలు వస్తే వాటి మీద ఆ బిళ్ళ పెడుతుంది. పెట్టిందంటే ఆ ముక్కలు చివరిదాకా వదలదు. ఈ సంగతి బల్ల చుట్టూ ఉన్న అందరికీ తెలుసు, ఆవిడకే తెలియదు.

ఒక ఆటలో బల్ల మీద ముందు రెండు తొమ్మిదులూ ఒక నాలుగూ పడ్డాయి. థెల్మా బిళ్ళ పెట్టింది. తర్వాత రాజు పడింది. ఎమిల్ చేతిలో రాజు ఉంది, పందెం వేశాడు. చివరి ముక్క ఉత్తదే. ఓరిన్ మోచెయ్యి తడితే మళ్ళీ పందెం వేశాడు. థెల్మా కాసేపు చూసి, బిళ్ళ తీసి, ముక్కలు బోర్లా తోసేసి, "నీదేలే" అంది.

ఎమిల్ చిప్స్ దగ్గరకి లాక్కుంటూ సగంలో ఆగిపోయాడు.

"థెల్మా, నీ దగ్గర తొమ్మిది ఉంది. మూడు తొమ్మిదులు నా రాజుల్ని కొట్టేస్తాయి."

"పడేసిన ముక్కల సంగతి నీకెందుకు?"

"ఉందా లేదా?"

ఎడమ వైపు నుంచి ఓరిన్ గొంతు వచ్చింది. "గెలిచినవాడు తగువు పెట్టుకోవడం ఈ బార్లో ఇదే మొదలు. ఒరే, డబ్బు చేదైతే ఇటు తొయ్యి."

"నీతో కాదురా మాట."

"నాతో ఎందుకుంటుంది. అంతా మీ ఆవిడ పుణ్యమే కదా" అని ఓరిన్ నాలిక్కరుచుకున్నాడు.

కాలీన్ ముక్కలు కలుపుతూ కలుపుతూ ఆపేసింది. చివరికి థెల్మాయే నోరు విప్పింది.

"నిన్ను గెలవనిమ్మని జోనెట్ ఈ ఓరిన్‌ని అడిగింది. వీడు మమ్మల్నందర్నీ అడిగాడు. నాలుగు ఆటలు గెలిస్తే మనిషికి ధైర్యం వస్తుందందిట. నేను వద్దన్నాను. తర్వాత సరే అన్నాను. ముసలిదాన్నయ్యాను, జాలి ముదిరింది."

ఎమిల్‌కి కోపం వచ్చింది. అరిచే ఓపిక లేక కోపం గొంతులోనే అరిగిపోయి, మాట మామూలుగానే వచ్చింది.

"సోమవారం నన్ను మంచు బండి ఎక్కమంటున్నారు. స్కూలు బస్సు దిగే రోడ్డు. నేను పనికొస్తానో లేదో చెప్పే మొనగాడు ఊళ్ళో ఒక్కడు లేడు. మీరు దయా దాక్షిణ్యం లేని మనుషులు కదా, మీరైనా చెప్తారని వచ్చాను. మీరు కూడా జోల పాడుతున్నారా నాకు?"

"ఏదో ఒకసారి..." అన్నాడు ఓరిన్.

"మూడు వారాలురా."

థెల్మా ఇత్తడి బిళ్ళని గీరినట్టు బొటనవేలితో రుద్దింది. "ఏడిస్తే ఊరుకోబెట్టను మరి."

"వద్దు."

"అయితే పంచవే కాలీన్."

నిజం చెప్పాలంటే ఆ కోపం అడుగున ఎమిల్‌కి సంతోషం కూడా ఉంది. తనని మోసం చేస్తున్నారని తనే కనిపెట్టాడు. బిళ్ళ చూశాడు, లెక్క వేశాడు, పట్టేశాడు. బుర్ర పోయినవాడు చేసే పనేనా అది? ఇంకొక్క నిఖార్సైన ఆట ఆడేస్తే చాలు, సోమవారం వెళ్ళి తాళాలు తీసుకుంటాడు. కొండ రోడ్డు, బండి ముందు లైట్ల వెలుగులో ఎగిరే మంచు, అన్నీ కళ్ళ ముందు కనిపించాయి.

ఆ ఆట రావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఎమిల్ చేతిలో రెండు పదులు పడ్డాయి. బల్ల మీద ఆఠీను పది, ఆఠీను ఆరు, కళావరు రాజు. మూడు పదులు అతనివి. ఒకే గుర్తువి ఐదు కలిస్తే మూడు పదుల్నీ కొట్టేస్తాయి గనక, ఇంకో ఆఠీను పడితే తప్ప తనకి భయం లేదనుకున్నాడు. థెల్మా బిళ్ళ పెట్టింది. నాలుగో ముక్క ఇస్పేటు మూడు. థెల్మా పందెం వెయ్యనన్నట్టు బల్ల మీద వేలితో తట్టి ఊరుకుంది. ఎమిల్ పందెం వేశాడు, ఆవిడ సరి వేసింది. అతను ఆవిడ చేతుల్నే చూస్తున్నాడు. ఆ చేతులు ఒక్క క్షణం ఆగి, ఎదుట ఉన్న చిప్స్ అన్నీ ముందుకు తోశాయి.

సరి వేసి పైన పెంచిందన్నమాట అనుకున్నాడు. ఈసారి జాలి లేదు. ఆవిడ ముఖం పాతరోజుల్లోలాగా గోడలా ఉంది. ఆవిడ చేతిలో రెండు ఆఠీన్లు ఉండాలి, బల్ల మీద రెండు పోను ఐదోదాని కోసం కాచుకుని ఉంది. అది పడకపోతే తనదే. అంతా సరిగ్గా లెక్క వేశాడు. తన చిప్స్ అన్నీ ఒక్క తోపు తోశాడు.

"ఊఁ, వెయ్యి" అన్నాడు కాలీన్‌తో.

కాలీన్ అతని వంక చూసింది.

"ఐదో ముక్క వెయ్యవే. ఏమిటి చూస్తావు?"

కాలీన్ చెయ్యి కదల్లేదు.

"పడింది, ఎమిల్" అంది కాలీన్ మెల్లిగా.

"ఎక్కడ పడింది?"

"పడింది. ఇటు చూడు. ఇంకా ఇటు."

అతను తల ఎడమకి తిప్పాడు. ఇస్పేటు మూడు దగ్గర బల్ల అయిపోయిందనుకున్నాడు, అవలేదు. దాని పక్కనే ఆఠీను ఏడు తాపీగా పడుకుని ఉంది. ఇంకా తిప్పితే ఓరిన్ మోచెయ్యి వచ్చింది, ఓరిన్ ముఖం వచ్చింది. ఇంకా తిప్పితే గోడకి ఒక కిటికీ ఉంది. మూడు వారాలుగా వస్తున్నాడు, ఆ గోడకి కిటికీ ఉన్నట్టే అతనికి తెలియదు. బయట సన్నగా మంచు మొదలైంది.

థెల్మా బిళ్ళ తీసి తన రెండు ఆఠీన్లూ తిప్పి చూపించింది. చిప్స్ మీద చెయ్యి వెయ్యలేదు.

"తీసుకో. నీ సొమ్మే" అన్నాడు ఎమిల్.

ఆవిడ తీసుకుంది. దొంతర పెడుతుంటే రెండుసార్లు కూలిపోయింది.

"నీకు ఇటుపక్క చెవి పోయిందనుకున్నాన్రా," అన్నాడు ఓరిన్. అతని గొంతులో వెటకారం లేదు. "నీ వంతు వచ్చినప్పుడల్లా మోచెయ్యి తట్టేది అందుకే. నీ చిప్స్ ఇటు దొర్లితే నేనే అటు తోసేవాణ్ణి. కన్ననుకోలేదు."

కన్ను కూడా కాదు. కంటికి జబ్బు లేదు. ఎడమ పక్కన లోకం ఉందని తలకాయే మరిచిపోయింది. డాక్టరమ్మ ఇచ్చిన కాగితం అరచెయ్యంత, మరిచిపోవడానికి దానిమీద చోటేది? ఈ బల్ల వెడల్పు. ఆ రోడ్డు ఇంకా వెడల్పు. ఎదురొచ్చే స్కూలు బస్సు ఐదో ముక్కలా తన పక్కనే వచ్చి నిలబడితే, ఇంకా రాలేదే అనుకుంటూ ఎక్కించేసేవాడు. మనిషికి అంత దుఃఖం వచ్చినప్పుడు ఏడుపు కూడా రాదు, అలసట వస్తుంది. అక్కడే బల్ల మీద తల పెట్టుకుని పడుకుంటే బాగుండుననిపించింది.

పడుకోలేదు. ఇంకో భోజనం ఖరీదు చిప్స్ కొని, సాయంత్రందాకా ఆడాడు. ప్రతి ముక్కకీ కిటికీ కనిపించేదాకా తల తిప్పాడు. కిటికీ వచ్చిందంటే బల్లంతా చూసినట్టే. ఒక్కోసారి మరిచిపోయాడు. అప్పుడు థెల్మా చడీచప్పుడు లేకుండా అతని చిప్స్ లాగేసుకుంది. "గుడ్లగూబా, మెడ జాగ్రత్త" అంది ఒకసారి. దాదాపు అన్నీ పోగొట్టుకుని లేచాడు.

ఇంటికొచ్చేసరికి జోనెట్ భోజనం పెట్టింది. గెలిచావా అని అడగలేదు. ఓరిన్ ఫోను చేసినట్టుంది, ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎమిల్ పళ్ళెంలో ఉన్న మాంసం కూర తిన్నాడు. ఖాళీ అయ్యాక అలవాటుగా ఫోర్కు పెట్టేశాడు. తువ్వాలు పట్టుకుని జోనెట్ వెనకనుంచి వచ్చి పళ్ళెం మీద చెయ్యి వేసింది.

"ఉండు" అని అతను ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

మెల్లిగా తల ఎడమకి తిప్పాడు, పొయ్యి కనిపించేదాకా. తర్వాత కిందికి చూశాడు. పళ్ళెంలో సగందాకా బంగాళదుంప ముద్ద, క్యారెట్లు, ముట్టుకోకుండా ఉన్నాయి.

"ఇది మారు వడ్డన కాదా?"

"కాదు."

"ఎప్పట్నుంచి?"

"ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు నుంచి" అంది జోనెట్. "తగ్గిపోతుందనుకున్నాను. తగ్గలేదని ఎవరికైనా చెప్తే నిజమైపోతుందని భయమేసింది."

అతను చాలాసేపు ఆవిడ చెయ్యి వదల్లేదు. కోపం తెచ్చుకుందామని చూశాడు, రాలేదు.

"సోమవారం వెళ్ళి తాళాలు వద్దని చెప్పొస్తాను. నువ్వు పళ్ళెం తిప్పకు. తల నేనే తిప్పుకుంటాను," అన్నాడు. "కూచో, నువ్వూ తిను."

జోనెట్ కుర్చీ లాక్కుని అతని ఎడమ పక్కన కూచుంది. ఎమిల్ తల తిప్పి ఆవిడ ఉందని చూసుకుని, చల్లారిపోయిన క్యారెట్లు తినడం మొదలుపెట్టాడు.