కాజిమిర్ కారుకి కాపలా

అమెరికాలోని బఫెలోలో మంచు పడి, అది కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లారంటే చాలు, కాజిమిర్‌కి ఎవరి మీదా నమ్మకం ఉండదు. ఆ ఉప్పు తగిలితే తుప్పుపడుతుందని తన ఎర్ర స్పోర్ట్స్ కారుని షెడ్డులో పెట్టి, తాళంచెవి మెడలో వేసుకుని తిరుగుతాడు. రోజూ వీధిలోంచి వస్తూనే, బూట్లయినా విప్పకుండా షెడ్డులో దూరి, బానెట్ మీద వేలు రాసి నాలుకకి తాకించుకుంటాడు. ఉప్పగా లేకపోతే లోపల కూర్చుని, స్టీరింగు నిమిరి, కాసేపు ఉత్తినే గేర్లు మార్చి వస్తాడు.

మార్చిలో ఓ రోజు డ్రైవరు కాళ్ల దగ్గరి పట్టా ఎత్తి చూస్తే, కింద రేకు తుప్పుపట్టి పెచ్చులూడుతోంది.

"నిజం చెప్పు ఇరీన్! నేను నిద్రపోయినప్పుడు తాళంచెవి ఎవడికిచ్చావ్?" అని పెళ్లాం మీద విరుచుకుపడ్డాడు.

ఆవిడ వంగి, అతని బూటు మీద తెల్లగా పేరుకున్నదాన్ని వేలితో గీకి, అతని నోటి ముందు పెట్టింది.

"ఇది కూడా నాకి చూడు."