పోయింది అన్న మాట

ఆ పెంపుడు జంతువుల క్లినిక్‌లో ఆపరేషన్లకు సాయం చేసే ఆవిడను అందరూ ఆరా అక్క అంటారు. వచ్చినవాళ్ల మాట ఆమె ఒక పట్టాన నమ్మదు. కుక్క ఏమీ తినలేదంటే ఏదో తిన్నదని, పిల్లి జారిపడిందంటే ఎవరో తోశారని ఆమె నమ్మకం. ఇంట్లో మొగుడు కూర బాగుందన్నా, "ఏం కావాలి?" అని అడుగుతుంది.

ఆ రోజు పొద్దున్నే ఆగని వాంతులతో ఉన్న కుక్కను తెచ్చిన టీచరమ్మ, "మావాడు బయటి తిండి ముట్టడండీ" అంది. కడుపు కోసి చూస్తే మేజోడు. ఆరా అక్క దాన్ని ట్రేలో పెట్టి తెచ్చి, "ఇది ఇంట్లోదేగా?" అంది. కుక్క బతికింది. టీచరమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

బల్ల తుడవడం పూర్తికాకముందే ఓ ఎలక్ట్రీషియన్ పిల్లిని తువ్వాలులో చుట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. నిన్నటి నుంచి ఉచ్చ పోయలేదట. పొట్ట బిగుసుకుపోయి ఉంది.

"దీనికెవరో ఏదో పెట్టారమ్మా. ఇంట్లో నాకున్నది ఇదొక్కటే."

"ఎవరి మీదైనా అనుమానమా?" అంది ఆరా అక్క. అడగాల్సిన ప్రశ్న కాదు. కానీ అడగకుండా ఉండటం ఆమెకు చేతకాదు.

"ఇంకెవరు, మా తమ్ముడే. గోడ పక్కనే ఉంటాడు. మాటల్లేవు. నిన్న వాడింట్లోంచి మూతి నాక్కుంటూ వచ్చింది. దీనికేమన్నా అయితే జన్మలో వాడి గడప తొక్కను!"

"ఇప్పుడు తొక్కుతున్నారా?"

"లేదనుకో..."

గొట్టం ఎక్కించబోతే ఏదో అడ్డుపడింది. మూత్రసంచి తెరవక తప్పదంది డాక్టరమ్మ. ఆరా అక్క మత్తు మాస్కు పట్టుకుని పిల్లి ఊపిరి చూస్తోంది. మనసు మాత్రం ఆ గోడ అవతలే తిరుగుతోంది. విషమే అయ్యుంటుంది. తోడబుట్టినవాళ్లను అసలు నమ్మకూడదు. ఇంతలో ఊపిరి మందగించింది. చిగుళ్లు పాలిపోయాయి.

"మత్తు తగ్గించక్కా, త్వరగా!"

తగ్గించింది. ఆ చిన్న ఛాతీ మళ్లీ కదిలేదాకా ఆమెకు గోడా గుర్తులేదు, తమ్ముడూ గుర్తులేడు.

రాళ్లు ఒక్కొక్కటే బయటికొచ్చాయి.

"విషం కాదా?"

"రాళ్లే అక్కా. ఒక్క పూటలో తయారయ్యేవి కావు."

కుట్లు పడ్డాక గొట్టంలోంచి సంచీలోకి ధార మొదలైంది. "పోయింది! పోయింది!" అని డాక్టరమ్మ చిన్నపిల్లలా అరిచింది. ఆ గదిలో అంతకన్నా మంచి మాట లేదు.

ఆరా అక్క అదే సంతోషంతో తలుపు తోసుకుని బయటికొచ్చి, "అన్నా, పోయింది!" అంది.

ఎలక్ట్రీషియన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. బెంచీ చివర, ఎప్పుడొచ్చాడో, అచ్చం అతని పోలికలతోనే ఉన్న మనిషొకడు కూర్చుని ఉన్నాడు. ఎలక్ట్రీషియన్ వెళ్లి వాడి కాలర్ పట్టుకున్నాడు.

"చంపేశావు కదరా!"

తమ్ముడు విడిపించుకోలేదు. "రోజూ వస్తుందన్నయ్యా. కాసేపు కూర్చుంటుంది. ఒక చేపముక్క పెడతాను, అంతే" అంటూ ఏడ్చేశాడు.

"అయ్యో రామ, పోయిందంటే అది కాదు! ఉచ్చ! ఉచ్చ పోయింది! పిల్లి బతికే ఉంది! లోపల ఉన్నవి రాళ్లు, విషం కాదు!"

చిలక పంజరం ఒళ్లో పెట్టుకున్న ముసలాయన ముందు నవ్వాడు. ఎలక్ట్రీషియన్ చెయ్యి ఇంకా కాలర్ మీదే ఉంది.

"రోజూనా?"

"రోజూ."

"అందుకే నా దగ్గర తినదు, దొంగమొహంది."

కాసేపటికి ఇద్దరూ లోపల బోను ముందు ఒంగి నిలబడ్డారు. పిల్లి ఒక చెవి కదిపింది. తమ్ముడు జేబులో చెయ్యి పెట్టాడు.

"ఆ చెయ్యి బయటికి తియ్యండి" అంది వెనక నుంచి ఆరా అక్క.

జేబురుమాలు. కళ్లు తుడుచుకుని అన్నకివ్వబోయాడు. అన్న అందుకునేలోపే ఆరా అక్క దాన్ని లాక్కుని, దులిపి చూసి, అప్పుడిచ్చింది.